మౌనం అర్ధాంగీకారమేనా? సమ్మతి చట్టం ఎట్లా మారుతూ వచ్చిందో మాట్లాడుకుందాం (తిరుపతి, చిత్తూరు సభ్యులు)

తుమ్మలగుంట లెక్చరర్:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. పోయిన వారం మా అమ్మాయిలకు లైంగిక నేరాల చట్టాల మీద ఒక గంట క్లాసు పెట్టాం. చివర్లో సందేహాలుంటే అడగమన్నాను. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "మేడమ్, ఆ పిల్ల అరవలేదంట, వాడిని కొట్టలేదంట. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, మరి కేసు ఎట్లా నిలబడుతుంది?" అంది. ఏదో వార్త చదివి వచ్చింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

నేను సెక్షన్ నంబర్ చెప్పి కూర్చోబెట్టేశాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే చాల్లేదు. ఆ మాట మనం పెళ్లిచూపుల్లో వింటూ పెరిగాం. పిల్ల తల వంచుకుని కూర్చుంటే పెద్దవాళ్లు నవ్వుతూ అనే మాట. నోరు తెరిచి వద్దంటే పెంకిపిల్ల. తెరవకపోతే ఒప్పుకున్నట్టు. ఇక ఆ పిల్లకు కాదనే దారి ఎక్కడుంది?

చట్టం కూడా చాలాకాలం ఇట్లాగే ఆలోచించిందని చదివాను. ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు? తెలిసినవాళ్లు రాయండి. వచ్చే గురువారం మళ్లీ అదే క్లాసు ఉంది.

కోర్టు మెట్లు:
అమ్మా, నేను తిరుపతి బార్‌లో ముప్పై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేస్తున్నాను. మీ విద్యార్థిని అడిగిన ప్రశ్నే 1978లో మన సుప్రీంకోర్టు కూడా వేసుకుంది. తప్పు జవాబు ఇచ్చింది.

అది మథుర కేసు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక గిరిజన అమ్మాయి. 1972 మార్చిలో రాత్రిపూట పోలీస్ స్టేషన్‌కు పిలిపించారు. అన్న బయట ఉన్నాడు, ఆమెను లోపల ఆపేశారు. ఇద్దరు పోలీసుల మీద కేసు. సెషన్స్ కోర్టు వదిలేసింది. బొంబాయి హైకోర్టు శిక్ష వేసింది. బలం ముందు లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవు, కేకలు వేసిన గుర్తు లేదు, కాబట్టి ప్రతిఘటించలేదు, కాబట్టి ఒప్పుకుంది. ఇదీ లెక్క. స్టేషన్ లోపల, తలుపు మూసి, యూనిఫారంలో ఉన్న మనుషుల ముందు ఆ పిల్ల ఎవరిని కేకేయాలి?

1979 సెప్టెంబర్‌లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. తీర్పు మళ్లీ చూడమన్నారు. కోర్టు చూడలేదు. కానీ ఆ లేఖ చేతులు మారింది, ఊరూరా మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. 1983లో పార్లమెంటు చట్టం మార్చింది. పోలీసులు, జైలు అధికారులు, ఆసుపత్రి సిబ్బంది లాంటివాళ్లు తమ అధీనంలో ఉన్న స్త్రీ మీద అత్యాచారం చేసినట్టు ఆరోపణ వచ్చి, కలయిక జరిగిందని రుజువైతే, ఆమె ఒప్పుకోలేదని చెప్తే కోర్టు ఆ మాట నిజమనుకునే మొదలుపెట్టాలి. బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది.

అంటే ముందు జనం మారారు. చట్టం వెనకాల నడిచొచ్చింది.

చిత్తూరు పెద్దాయన:
వకీలుగారు మహారాష్ట్ర సంగతి రాశారు. మన సొంత రాష్ట్రంలో జరిగింది మర్చిపోకూడదు. అదే 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్. సినిమా చూసి రాత్రి ఇంటికెళ్తున్న భార్యాభర్తలను పట్టుకున్నారు. ఆమె మీద పోలీసులే అత్యాచారం చేశారు, అడగబోయిన భర్తను కొడితే చనిపోయాడు. ఊరు మండిపోయింది, కర్ఫ్యూ పెట్టారు. నేను అప్పుడు ఉద్యోగంలో కొత్త. రేడియో చుట్టూ గుమిగూడి విన్నాం. విచారణకు వేసిన ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది, అక్కడ అందరూ విడుదలయ్యారు. ఆమె నడత మంచిది కాదని వాదించారు. ఆమె పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఇంకొక మాట. మా చిన్నప్పుడు పేపర్లో ఏమని రాసేవారో గుర్తుందా? 'మానభంగం.' ఊళ్లో అయితే 'చెరిచినాడు' అనేవాళ్లు. రెండు మాటల్లోనూ పోయింది ఆడపిల్ల మానం, చెడిపోయింది ఆడపిల్ల. చేసినవాడి తప్పు మాటలో ఎక్కడా కనిపించదు. ఇప్పుడు 'అత్యాచారం' అంటున్నారు, చేసినవాడు చేసిన పని గురించి చెప్పే మాట. పత్రికల్లో ఈ మార్పు నా కళ్ల ముందే జరిగింది. చట్టం కన్నా ముందా తర్వాతా అంటే చెప్పలేను.

రుయా దారి సిస్టర్:
నేను నర్సుని. ఈ జిల్లాల్లోనే రెండు మూడు ఆసుపత్రుల్లో పనిచేశాను. నా మాట కూడా ఒకటి.

భయంతో మనిషి బిగుసుకుపోతుంది. గొంతు రాదు, చెయ్యి లేవదు. యాక్సిడెంట్ అయినవాళ్లలో కూడా చూస్తాం, కళ్లు తెరిచే ఉంటారు, పలకరు. వాళ్లను ఎవరూ 'ఎందుకు అరవలేదు' అని అడగరు. ఈ పిల్లలను మాత్రం మొదటి ప్రశ్నగా అదే అడుగుతారు. సొంత అమ్మే అడగడం విన్నాను.

ఇంకొకటి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆసుపత్రిలో, రెండు వేళ్ల పరీక్ష చేసేవాళ్లు, అంటే యోనిలో వేళ్లు పెట్టి ఆమెకు అంతకుముందు కలయిక అలవాటుందో లేదో చెప్పడం. 'అలవాటు ఉంది' అని కాగితం మీద రాసేవాళ్లు. ఆ ఒక్క మాట పట్టుకుని కోర్టులో పిల్లను చీల్చేవాళ్లు. నేను పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు అది తప్పని నాకు తెలియదు, అందరూ చేసేదే కదా అనుకున్నాను. 2013లో సుప్రీంకోర్టు ఆ పరీక్ష స్త్రీ గౌరవాన్ని, ఏకాంతాన్ని ఉల్లంఘిస్తుందని చెప్పింది. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లో వద్దన్నారు. అయినా ఆగలేదు. 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సొచ్చింది, ఈసారి ఆ పరీక్ష చేసినవాళ్లది దుష్ప్రవర్తన కిందికి వస్తుందని. అంతకుముందు ఆమెకు ఎవరితో ఏ సంబంధం ఉన్నా, ఆ రోజు ఆమె ఒప్పుకుందా లేదా అన్నదానికి దానితో పని లేదు. ఆ ట్రే పట్టుకున్న రోజు ఇది నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కోర్టు మెట్లు:
సిస్టర్, మీరు రాసింది చదివి కాసేపు ఆగిపోయాను. కోర్టులో మా వృత్తివాళ్లం కూడా తక్కువ చేయలేదు. పాత సాక్ష్య చట్టంలో బాధితురాలి నడత చెడ్డదని చూపించి ఆమె మాట నమ్మదగనిదని వాదించే వీలు ఉండేది. ఆ నిబంధనను 2003 నుంచి తీసేశారు. దానికి ముందు జరిగిన క్రాస్ ఎగ్జామినేషన్లు నేను విన్నాను. కొన్ని ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

లెక్చరర్‌గారూ, మీ క్లాసుకు అసలు కావాల్సింది 2013 సవరణ. 2012 డిసెంబర్ ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, చట్టాలు ఎట్లా మార్చాలో చెప్పమని జస్టిస్ వర్మ కమిటీ వేశారు. దేశం నలుమూలల నుంచి 80 వేల దాకా సూచనలు వచ్చాయి, 29 రోజుల్లో నివేదిక ఇచ్చారు. ఆ తర్వాత వచ్చిన చట్టంలో మొదటిసారిగా సమ్మతి అంటే ఏమిటో రాశారు. మాటతోనో, సైగతోనో, మరో విధంగానో, ఫలానా లైంగిక చర్యకు ఇష్టమేనని స్పష్టంగా, తనంత తానుగా తెలియజేయడం. దాని కిందే ఇంకొక వాక్యం: శరీరంతో ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకుందని అనుకోకూడదు. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 63వ సెక్షన్‌లో అదే ఉంది.

మీ అమ్మాయికి ఇది చదివి వినిపించండి. వద్దనలేదు కదా అని కాదు, సరేనందా అని అడగమంటోంది చట్టం.

చంద్రగిరి శ్రీను:
అందరూ ఒకవైపే రాస్తున్నారు కాబట్టి నా అనుమానం కూడా చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. మా ఫ్రెండ్ ఒకడు, ఒకమ్మాయి నాలుగేళ్లు ప్రేమించుకున్నారు. ఇంట్లో కులం దగ్గర ఆగిపోయింది. అమ్మాయి వాళ్లు పెళ్లి చేసుకుంటానని మోసం చేశాడని కేసు పెట్టారు. ఉద్యోగం పోయింది, వాళ్ల నాన్నకు ఆరోగ్యం పాడైంది. ఇద్దరూ ఇష్టపడే కదా ఉన్నారు? అప్పుడు ఉన్న సమ్మతి తర్వాత లేకుండా ఎట్లా పోతుంది? మగపిల్లలకు కూడా టెన్షన్ ఉంటుంది అన్నా.

కోర్టు మెట్లు:
శ్రీనూ, నీ అనుమానంలో న్యాయం ఉంది. సుప్రీంకోర్టు కూడా ఈ తేడా చాలాసార్లు చెప్పింది. మొదటి రోజు నుంచే పెళ్లి చేసుకునే ఉద్దేశం లేకుండా, ఆమెను లొంగదీసుకోవడానికే మాటిచ్చాడా? అప్పుడు ఆమె ఒప్పుకోలు మోసంతో పుట్టింది, అది సమ్మతి కాదు. నిజంగానే చేసుకుందామనుకుని, తర్వాత ఇంట్లోవాళ్ల వల్లో మరో కారణంగానో కుదరకపోతే? అది మాట తప్పడం, అత్యాచారం కాదు. మీ ఫ్రెండ్ విషయం రెండోదైతే అతని తరఫున గట్టిగా వాదించవచ్చు.

కొత్త సంహితలో 69వ సెక్షన్ విడిగా పెట్టారు. నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి పేరుతోనో, ఉద్యోగం, ప్రమోషన్ ఆశ చూపో, తానెవరో దాచిపెట్టి పెళ్లి చేసుకునో మోసంతో కలిస్తే పదేళ్ల దాకా శిక్ష. దీన్ని అత్యాచారం అని మాత్రం అనలేదు. నాకు ఈ సెక్షన్ మీద తృప్తి లేదు. మనసులో ఉద్దేశాన్ని రుజువు చేయడం రెండు వైపులా కష్టం. పైగా మీ ఫ్రెండ్ కథలో అసలు దోషి కులం. ఆ అమ్మాయి కేసు పెట్టిందా, వాళ్ల వాళ్లు పెట్టించారా కూడా చూడాలి.

చంద్రగిరి శ్రీను:
వాళ్ల మామ పెట్టించాడు అన్నా. ఆ అమ్మాయి ఏమనుకుందో నేను ఇప్పటిదాకా ఆలోచించలేదు.

పలమనేరు మాస్టారు:
శ్రీను రాసింది చదివాక నేను కూడా రాయాలనిపించింది. హైస్కూల్లో పనిచేస్తాను. మా దగ్గర తొమ్మిది, పది చదివే పిల్లల విషయంలో రెండు రకాలు చూస్తాను.

ఒకటి, ఎండాకాలం సెలవుల్లో ఆడపిల్ల మాయమవుతుంది. అడిగితే 'సంబంధం కుదిరింది సార్, మేనమామే' అంటారు. పదహారేళ్లు కూడా ఉండవు. రెండోది, పదిహేడేళ్ల పిల్ల పంతొమ్మిదేళ్ల అబ్బాయితో వెళ్లిపోతుంది. మొదటి పెళ్లికి ఊరంతా వెళ్లి భోంచేస్తుంది. రెండో దానికి పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద. పద్దెనిమిది నిండలేదు కాబట్టి పిల్ల ఇష్టపడే వెళ్లానని చెప్పినా చట్టం లెక్కలోకి తీసుకోదు.

2012లో పోక్సో వచ్చేదాకా సమ్మతి వయసు పదహారు. పద్దెనిమిదికి పెంచడం చిన్నపిల్లలను కాపాడ్డానికే, అందులో నాకు సందేహం లేదు. ఏడేళ్ల పిల్ల కేసులో నేనే సాక్షిగా వెళ్లాను, ఆ చట్టం లేకపోతే ఆ పిల్లకు ఏమయ్యేదో. కానీ ఇష్టపడి వెళ్లిపోయిన పిల్లల విషయంలో అదే చట్టం తండ్రి చేతి కర్ర అవుతోంది. 2021లో మద్రాసు హైకోర్టు ఇట్లాంటి కేసు ఒకటి కొట్టేస్తూ, టీనేజీ ప్రేమలను నేరంగా చూడ్డం చట్టం ఉద్దేశం కాదంది. 2023లో లా కమిషన్ మాత్రం వయసు తగ్గించొద్దంది. పదహారు, పద్దెనిమిది మధ్య పిల్ల మనస్ఫూర్తిగా ఇష్టపడిన కేసుల్లో శిక్ష విషయంలో జడ్జికి కొంత వెసులుబాటు ఇవ్వమంది. నాకు అది సబబుగానే అనిపిస్తుంది. తగ్గిస్తే మొదటి రకంవాళ్లు, అదే సెలవుల్లో పెళ్లి చేసేవాళ్లు, ఇంకా ధైర్యంగా చేస్తారు.

చిత్తూరు పెద్దాయన:
మాస్టారూ, ఈ వయసు గొడవ నూట ముప్పై ఏళ్ల నాటిది. 1860 శిక్షాస్మృతిలో సమ్మతి వయసు పదేళ్లు. పదేళ్లు! 1890లో కలకత్తాలో ఫూల్‌మణి అనే పదీ పదకొండేళ్ల పిల్ల, ముప్పై దాటిన భర్త బలవంతంగా కలవడంతో చనిపోయింది. పదేళ్లు దాటింది, పైగా భార్య, కాబట్టి అత్యాచారం కాదన్నారు. నిర్లక్ష్యంగా గాయపరిచాడని ఏడాది శిక్ష వేశారు. ఆ తర్వాత 1891లో వయసు పన్నెండు చేశారు. దానికే మతంలో జోక్యమని పెద్ద గొడవ. బాల గంగాధర తిలక్ వంటివాళ్లు కూడా వ్యతిరేకించారు. 1925లో పద్నాలుగు, తర్వాత పదహారు.

మా అవ్వకు తొమ్మిదేళ్లకు పెళ్లి. 1929లో శారదా చట్టం చేశారు, ఆడపిల్లకు పద్నాలుగు నిండాలని. 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వస్తోందని తెలిసి దేశమంతా హడావిడిగా పెళ్లిళ్లు చేశారు. మా అవ్వది ఆ హడావిడిలో జరిగిన పెళ్లే. తాతను తలుచుకుని ఏనాడూ చెడుగా మాట్లాడలేదు. కానీ కాపురానికి పంపిన రాత్రి గురించి ఒక్కసారి, మా అమ్మ పురిటిలో ఉన్నప్పుడు, మా అక్కతో అన్నదట: "నాకు భయమని చెప్పేదానికి కూడా మాట తెలీదే" అని. మా అక్క ఈ మధ్యే నాకు చెప్పింది.

కోర్టు మెట్లు:
పెద్దాయనగారూ, మీరు పెళ్లి దాకా తెచ్చారు కాబట్టి మన తిరుమలతో ముడిపడ్డ కేసు ఒకటి చెప్పాలి. చాలామంది లాయర్లకే గుర్తులేదు.

ముందు బొంబాయిలో రఖ్మాబాయి. పదకొండేళ్లకు పెళ్లి చేశారు, పెద్దయ్యాక కాపురానికి వెళ్లనంది. 1887లో కోర్టు వెళ్లమని ఆదేశించింది, లేకపోతే ఆరు నెలల జైలు. జైలుకే వెళ్తానంది ఆమె. చివరికి డబ్బు కట్టి రాజీ అయ్యారు, ఆమె లండన్ వెళ్లి డాక్టరై వచ్చింది. కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే పద్ధతి మనది కాదు, ఇంగ్లండ్ చర్చి కోర్టుల నుంచి వచ్చింది. ఇంగ్లండ్ 1970లో వదిలేసింది. మనం హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌లో ఉంచుకున్నాం.

ఇప్పుడు తిరుమల. 1975 డిసెంబర్‌లో కొండ మీద పెళ్లయిందంటూ, ఐదేళ్లుగా విడిగా ఉంటున్న ఒక సినీ నటిని కాపురానికి పంపమని భర్త కడప సబ్ కోర్టులో వేశాడు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. 1983 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి జస్టిస్ పి.ఎ. చౌదరి 9వ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టం లేని మనిషిని కాపురానికి పొమ్మంటే, ఆమె శరీరం మీద నిర్ణయం ఆమె చేతిలోంచి తీసి ప్రభుత్వం చేతిలో పెట్టినట్టేనన్నారు. గర్భం ఎప్పుడు, ఎవరి వల్ల అన్నది కూడా ఆమె చేతిలో లేకుండా పోతుందన్నారు. 1983లో! దేశంలో ఇంకెక్కడా ఆ మాట లేదు. ఆ ఏడాది చివర్లోనే ఢిల్లీ హైకోర్టు దానికి ఎదురు తీర్పు ఇచ్చింది, ఇంటి లోపలికి రాజ్యాంగాన్ని తీసుకురాకూడదని. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ వైపే మొగ్గింది. 9వ సెక్షన్ ఇప్పటికీ ఉంది. 2019లో మళ్లీ సవాలు చేశారు.

ఆ తీర్పు మొదట చదివినప్పుడు నాకు పాతికేళ్లు. నేను వాదించే కేసుల్లో పేరుకు చిన్న అంశమైనా ఆ తీర్పులోని ఒక పేరా జడ్జికి చదివి వినిపించాలనిపిస్తుంది. ఓడిపోయిన తీర్పు అని తెలిసినా.

కాళహస్తి చెల్లి:
అన్నా, నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటాను. పేరు చెప్పను. మా అక్క సంగతి. ఏడాదిగా అమ్మ దగ్గరే ఉంటోంది. విడాకులు కాలేదు, కోర్టుకు కూడా వెళ్లలేదు. కొట్టేవాడని వచ్చేసింది. ఇప్పుడు బావ రాత్రిపూట తాగి ఇంటికొస్తాడు. మొగుడే కదా అని అమ్మ తలుపు తీస్తుంది. తర్వాత అక్క రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడదు. భార్య విషయంలో ఈ చట్టం వర్తించదని మా ఊరి పెద్దమనిషి చెప్పాడు. నిజమేనా?

కోర్టు మెట్లు:
అమ్మా, ఆయన చెప్పింది సగమే. జాగ్రత్తగా చదువు.

భార్యకు పద్దెనిమిదేళ్లు నిండితే, భర్త చేసినది అత్యాచారం కిందికి రాదన్న మినహాయింపు 63వ సెక్షన్‌లో ఇంకా ఉంది. వర్మ కమిటీ తీసేయమంది, తీసేయలేదు. 2022లో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరొక వైపు తీర్పిచ్చారు, ఇప్పుడు సుప్రీంకోర్టు ముందుంది. 2017 దాకా అయితే భార్యకు పదిహేనేళ్లు నిండితేనే చాలు, ఈ మినహాయింపు ఉండేది, సుప్రీంకోర్టు పద్దెనిమిదికి మార్చింది.

మీ అక్క సంగతి వేరు. విడిగా ఉంటున్న భార్యను ఆమె ఇష్టం లేకుండా కలిస్తే 67వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల నుంచి ఏడేళ్ల దాకా శిక్ష. కోర్టు డిక్రీతోనే విడిగా ఉండాలని లేదు, మీ అక్కలాగా వచ్చేసి పుట్టింట్లో ఉన్నా చాలు. ఫిర్యాదు మాత్రం ఆమే ఇవ్వాలి. ఇది 1983 సవరణతో వచ్చిన నిబంధన, ఆనాడు వీధుల్లోకి వచ్చిన ఆడవాళ్ల పుణ్యం. దీనితోపాటు 2005 గృహహింస చట్టంలో లైంగిక హింస కూడా ఉంది. మీ ఇంటికి అతను రాకుండా ఆర్డర్ తెచ్చుకోవచ్చు. 181కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఆ రాత్రే వస్తే 112.

రుయా దారి సిస్టర్:
చెల్లీ, అక్కను ఆసుపత్రికి తీసుకురా. ప్రైవేటు అయినా ప్రభుత్వమైనా చికిత్స ఉచితంగానే చేయాలి, చట్టం ఉంది. కేసు పెట్టాలా వద్దా అన్నది తర్వాత అక్క ఇష్టం. గాయాలు లేకపోయినా తీసుకురా. అమ్మను కూడా. అమ్మ తప్పని కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తుమ్మలగుంట లెక్చరర్:
ఇన్ని రోజులుగా రాస్తున్న అందరికీ దణ్ణాలు. మొన్న గురువారం క్లాసులో ఇదంతా చెప్పాను, పేర్లు లేకుండా. మౌనం అర్ధాంగీకారమన్న అమ్మాయే గంగమ్మ జాతర గురించి ఎత్తింది. ఆడవాళ్లను బలవంతం చేసిన పాలెగాడిని వెతుక్కుంటూ గంగమ్మ వేషాలు మార్చుకుని వీధివీధీ తిరిగి చంపిందని చెప్తారు కదా. "మేడమ్, ఆ కథలో ఎవరూ వాడి చేతిలో పడిన ఆడవాళ్లను ఎందుకు అరవలేదని అడగరు కదా" అంది. తర్వాత ఆ పిల్ల పెద్దాయనగారి అవ్వ మాటను నోట్‌బుక్‌లో రాసుకుంది.

కాళహస్తి చెల్లి:
అక్కకు ఇదంతా చూపించాను. వకీలుగారు రాసింది రెండుసార్లు చదివింది. నిన్న రాత్రి బావ వచ్చి తలుపు కొట్టాడు. అమ్మ లేవబోతే అక్కే వద్దంది. గట్టిగా అంది అన్నా, పక్కింటికి కూడా వినిపించింది. సోమవారం తిరుపతి వస్తాం. ఏమేమి తీసుకురావాలి?

కోర్టు మెట్లు:
పెళ్లి ఫోటో, ఆధార్, ఆమె పుట్టింట్లో ఉంటున్నట్టు చూపే కాగితం ఏదైనా. రేషన్ కార్డు మార్పు, గ్యాస్ బిల్లు, పిల్లలుంటే స్కూలు మార్చిన సర్టిఫికెట్. అతను పంపిన మెసేజీలు తుడిచేయొద్దు. నిన్న రాత్రి విన్న పక్కింటివాళ్లు వస్తానంటే వాళ్లను కూడా. పది గంటలకల్లా కోర్టు గేటు దగ్గర ఉంటాను. ఫీజు గురించి అడగొద్దు.